అనుమతి తర్వాతి సంగతి: బీటీ పత్తి నుంచి కమల వరి దాకా

అందరికీ నమస్కారం.

కొత్త టెక్నాలజీ అనగానే అనుమతి ఇవ్వాలా, వద్దా అన్న దగ్గరే మన చర్చ ఆగిపోతుంది. కాయతొలుచు పురుగును చంపే బ్యాక్టీరియా జన్యువును చొప్పించిన బీటీ పత్తిలో మనకు దెబ్బ తగిలింది అనుమతి ఇచ్చాకే.

జన్యుమార్పిడి జీవులపై మన నిబంధనలు 1989లో వచ్చాయి. పరిశోధన సంస్థలో ఒక కమిటీ, ఢిల్లీలో అనుమతులిచ్చే కేంద్ర కమిటీ జీఈఏసీ, కింద కలెక్టరు ఆధ్వర్యంలో జిల్లా కమిటీ... కాగితం మీద అన్నీ ఉన్నాయి. 2002లో బీటీ పత్తికి అనుమతిస్తూ జీఈఏసీ ఒక షరతు పెట్టింది. చేను చుట్టూ 5 వరుసలు లేదా 20 శాతం విస్తీర్ణం, ఏది ఎక్కువైతే అంత, నాన్‌ బీటీ పత్తి వేయాలి. 450 గ్రాముల విత్తనంతో పాటు 120 గ్రాముల చిన్న ప్యాకెట్ అందుకే ఇచ్చారు. ఆ వరుసల్లో బతికిన మామూలు పురుగులు, బీటీని తట్టుకున్న ఏ కొద్దిపాటి పురుగులతోనో జతకడితే పుట్టేవి మళ్లీ బీటీకి చస్తాయి.

ఆ ప్యాకెట్‌ను చాలామంది విత్తనేలేదు. ఇందులో రైతును తప్పుపట్టడం అన్యాయం. రెండెకరాల కౌలుదారు ఐదో వంతు చేను పురుగుకు ఎలా వదులుతాడు? విత్తారో లేదో చూసే నాథుడూ లేడు. పైగా మనవి హైబ్రిడ్లు. ఒకే బీటీ జన్యువున్న హైబ్రిడ్ కాయలో సుమారు నాలుగో వంతు గింజలకు బీటీ ఉండదు. గులాబీ రంగు పురుగు తినేది ఆ గింజలనే. పంటను వేసవి దాకా పొడిగిస్తే దానికి తిండికి కొదవే లేదు. 2009 సీజన్లో గుజరాత్‌లో అది ఒకే జన్యువున్న మొదటి తరం బీటీని తట్టుకుంది. కొన్నేళ్లకే రెండు జన్యువుల రకాన్నీ తట్టుకుంది. నాన్‌ బీటీ గింజల్ని అదే సంచిలో కలిపి ఇవ్వాలన్న నిర్ణయం ఆ తర్వాత గానీ రాలేదు.

చైనాలో యాంగ్జీ లోయ రైతులు రెండో తరం హైబ్రిడ్ విత్తనం, అంటే హైబ్రిడ్ పంట నుంచి వచ్చిన విత్తనం, వేశారు. చేలో నాలుగో వంతు నాన్‌ బీటీ మొక్కలు వాటంతటవే వచ్చాయి, పురుగు మళ్లీ బీటీకి లొంగింది. రైతు నష్టపోకుండా అమలయ్యే షరతే షరతు.

2022 మార్చిలో కేంద్రం, సొంత జన్యువుల్లోనే మార్పు చేసిన, పరాయి జన్యువు లేని జీన్ ఎడిటింగ్ మొక్కలకు 1989 నిబంధనల్లో చాలావాటి నుంచి మినహాయింపు ఇచ్చింది. 2025 మేలో ప్రకటించిన కమల వరి ఆ దారిలో వచ్చిందే. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ మన సాంబ మసూరి నుంచే దాన్ని తయారుచేసింది. ఈ మినహాయింపు సబబే. అయితే విడుదలయ్యాక ఏ ఊళ్లలో, ఎన్నేళ్లు, ఎవరి డబ్బుతో గమనించాలో విడుదల ఉత్తర్వులోనే రాయాలి.

పత్తికీ అంతే. ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలో వరుసగా 3 రోజులు, రోజుకు 8 చొప్పున రెక్కల పురుగులు పడితే మందు కొట్టమని రైతుకు చెబుతున్నాం. ఆ లెక్కను ప్రతి సీజన్లో మండలాలవారీగా సేకరించి జీఈఏసీకి పంపే పనిని జిల్లా కమిటీకి, అందుకు కావలసిన నిధులతో సహా, అప్పగించాలి.