మడ అడవి పంచాంగం

శ్రోతలకు నమస్కారం.

కాకినాడలో యానాం బస్సు ఎక్కితే ఊరు దాటిన కాసేపటికి చొల్లంగి వస్తుంది. పుష్య బహుళ అమావాస్య నాడు అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. గోదావరి పాయల్లో ఒకటైన తుల్యభాగ సముద్రంలో కలిసే చోటు అది. సప్తసాగర యాత్ర చేసేవారు మొదటి మునక చొల్లంగిలో వేసి, పాయ పాయకూ స్నానం చేసుకుంటూ చివరికి అంతర్వేది చేరతారు. చిన్నప్పుడు మా నాయనమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిన నాకు స్నానం సంగతి పెద్దగా గుర్తు లేదు, మోకాలి దాకా దిగబడిన బురద మాత్రం గుర్తుంది. "అమావాస్య నాడే ఎందుకు నాయనమ్మా?" అని అడిగాను. "ఆ వేళ సముద్రం తనంతట తానే లోపలికి వస్తుందిరా" అంది.

నాయనమ్మ చదువుకోలేదు. కానీ ఆ మాటలో తప్పు లేదు. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరుసలో ఉండి నీటిని లాగుతారు. పోటు పెద్దదవుతుంది, పాటు కూడా అంత లోతుకు పోతుంది. పుస్తకాల్లో ఆటుపోట్లు అని రాస్తాం. పడవవాళ్ళు పోటు, పాటు అంటారు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఈ వేళ పొద్దున పదింటికి పోటు నిండితే రేపు ఇంచుమించు పదీ యాభైకి నిండుతుంది.

చొల్లంగి పక్కనే కోరంగి అభయారణ్యం మొదలవుతుంది. ఉప్పునీటి బురదలో పెరిగే మడ చెట్ల అడవి అది. 1978లో ప్రకటించారు. 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల. నేల అన్నానే గాని, అందులో సగం పూట నీళ్ళే. అక్కడి బతుకులన్నీ ఆ పోటుపాట్ల మీద, తిథుల మీద, ఋతువుల మీద నడుస్తాయి. మనం మాత్రం ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ పొట్లాలతో వెళతాం. చెక్కవంతెన మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, నాలుగు ఫోటోలు తీసుకుని, "చెట్లు తప్ప ఏమీ లేవండీ" అంటూ తిరిగి వస్తాం. పెళ్ళి అయిపోయిన మర్నాడు పందిట్లోకి వెళ్ళి ఎవరూ లేరేమిటని అడిగినట్టు ఉంటుంది ఆ మాట. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ అడవి పంచాంగం గురించే.

ముందు ఆ చెట్ల సంగతి. ఈసారి వెళ్ళినప్పుడు అక్కడి సిబ్బందిని అడిగి ఒక మడ ఆకు చూడండి. వేలితో రాస్తే సన్నటి పొడి అంటుకుంటుంది. నాలుకకు తగిలిస్తే ఉప్పు! వేళ్ళు తాగిన ఉప్పునీటిలోని ఉప్పును ఆ చెట్టు ఆకుల మీదికి కక్కేస్తుంది. చెట్టు మొదలు చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళు నాటినట్టు వేల కొద్దీ మొనలు పైకి లేచి కనబడతాయి. అవి వేళ్ళే. బురదలో గాలి ఆడదు కాబట్టి ఊపిరి కోసం తల పైకెత్తుతాయి. ఉప్పుపొన్నది ఇంకో తీరు. దాని గింజ కాయలో ఉండగానే మొలకెత్తి, ములక్కాడలా జానెడు పెరిగి, అప్పుడు గాని తల్లి కొమ్మను వదలదు. పాటు సమయంలో రాలితే బురదలో నిలువుగా గుచ్చుకుంటుంది, పోటులో రాలితే నీళ్ళ మీద తేలుతూ మరో చోటు వెతుక్కుంటుంది. ఇక తిల్ల చెట్టు జోలికి మాత్రం పోకండి. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

ఆకుకు ఉప్పు ఎందుకు, వేరుకు ఊపిరి ఎందుకు అని పిల్లలకు బడిలో గంటసేపు చెప్పినా ఎక్కదు. ఆ ఆకు నాకిన పిల్లవాడు జన్మలో మరచిపోడు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, నా పాఠాలు ఎంతమందికి గుర్తున్నాయో నాకు తెలుసు.

ఈ అడవి చాలా చోట్ల ఒకసారి నరికాక దానంతటది తిరిగి లేవలేదు. చెట్లు పోయిన చోట ఎండకు నేల కుంగి పళ్ళెంలా అవుతుంది. పోటుకు వచ్చిన నీళ్ళు పాటుకు బయటికి పోవు. నిలిచి, ఎండి, ఉప్పు పేరుకుంటుంది. అంత ఉప్పును మడ చెట్టు కూడా భరించలేదు. 1990ల చివరలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, ఊళ్ళలోని వన సంరక్షణ సమితులు కలిసి ఇలాంటి బంజరుల్లో కాలువలు తవ్వించాయి. నడుమ ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు. పైనుంచి చూస్తే అచ్చం చేప వెన్నుముల్లు. నీరు వచ్చిపోవడం మొదలయ్యాక ఉప్పు కడుక్కుపోయింది. అప్పుడు నాటిన మొక్కలు నిలిచాయి. మొక్కలు నాటడం అంటే ఫోటోకు నిలబడి గుంటలో మొక్క పెట్టడం అనుకునే మనకు, ముందు నీటికి దారి ఇవ్వాలని తట్టదు.

కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. ఇక్కడి నుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళను రంగూన్‌లో ఏ ఊరివాడైనా సరే "కోరంగీలు" అనే పిలిచేవారు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి వచ్చిన తుఫానులు, ఉప్పెనలు ఆ రేవును మింగేశాయి. ఇప్పుడు కాకినాడ రేవుకు అడ్డుగోడలా ఉన్న హోప్ ఐలాండ్ కూడా గోదావరి మోసుకొచ్చిన ఇసుకే. సుమారు 16 కిలోమీటర్ల పొడవున పేరుకున్న సన్నటి దిబ్బ. ఒక ఊరిని తీసుకున్న సముద్రం, నది చేత ఇంకో ఊరికి గోడ కట్టించింది.

ఇక పంచాంగం. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు రాగానే సముద్రంలోని చేప ఒకటి నదిలోకి ఎదురీదుతుంది. దాన్ని పులస అంటారని మీకు నేను చెప్పనక్కరలేదు. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న జాతి మనది. ఆ రోజుల్లోనే మడ వేళ్ళ సందుల్లో రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెద్ద చేపల నోటికి చిక్కకుండా పెరుగుతుంటాయి. తరువాత అవే సముద్రంలోకి వెళ్ళి వలలో పడతాయి. మడ అడవి పోతే వల ఖాళీ అని తీరంలోని వాళ్ళకు తెలుసు.

చలికాలం పక్షులది. ప్రతి జనవరిలోనూ ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987 నుంచి సాగుతున్న పని ఇది. కోరంగిలోనూ, కాకినాడ తీరపు బురద తిన్నెల మీదా అటవీ శాఖవారితో పాటు పక్షుల మీద మక్కువ ఉన్న మామూలు మనుషులు కూడా లెక్కకు దిగుతారు. నీళ్ళు వెనక్కి పోయి బురద బయటపడే వేళ పక్షులు తిండికి చెదిరిపోతాయి, లెక్క కుదరదు. పోటు ఎక్కుతున్నకొద్దీ అవి మిగిలిన తిన్నె మీదికి గుంపులుగా చేరతాయి. అప్పుడు లెక్కపెట్టాలి. ఒక్కొక్కటిగా కాదు. పదింటిని చూసి, ఆ పది ఎంత జాగా తీసుకున్నాయో కంటితో కొలిచి, ఆ కొలతతో గుంపంతా దాటుకుంటూ పోతారు. మా తాత ధాన్యపు రాశిని చూసి ఇన్ని బస్తాలని చెప్పేవాడు, అదే విద్య.

అక్కడ తప్పక చూడవలసింది ఇండియన్ స్కిమ్మర్. నారింజ రంగు ముక్కు, కింది దవడ పై దవడ కన్నా పొడుగు. నోరు తెరిచి, ఆ కింది దవడతో నీటిని కోసుకుంటూ ఎగురుతుంది. దర్జీ కత్తెరతో బట్ట చీల్చుకుంటూ పోయినట్టు ఉంటుంది. దవడకు చేప తగలగానే టప్పున మూస్తుంది. చంబల్ వంటి నదుల ఇసుక తిన్నెల మీద వేసవిలో గుడ్లు పెట్టే పక్షి. ప్రపంచం మొత్తం మీద మిగిలినవి కొన్ని వేలు మాత్రమే. వాటిలో కొన్ని చలికాలానికి మన కాకినాడ తీరానికి వస్తాయి.

అదే నెలలో సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగ చేస్తుంటారు. కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిగింది. నేలపట్టు గూడబాతులను, పులికాట్ రాజహంసలను చూడడానికి జనం రావడం మంచిదే. కానీ నాకు మైకుల మోతంటే కొంచెం భయం. అతిథి నిద్రపోతున్న గది పక్కన స్వాగత సన్నాహం చేసినట్టు ఉండకూడదు కదా.

సంక్రాంతి ముగ్గులు చెరిగే వేళకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వస్తాయి. ఈ మాట చెప్పేటప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం, కాకినాడకు ఉత్తరాన ఒక తీరంలో, రాత్రి పూట గుడ్లకు కాపలా తిరిగే ఒక పెద్దాయనతో నడిచాను. మత్స్యకారుడు. నాకు కనబడనివి ఆయనకు కనబడుతున్నాయి. ఒక చోట ఆగి చెయ్యి పట్టుకున్నాడు. నీళ్ళలోంచి నల్లగా ఒక రాయి లేచి వస్తోంది. నేను ఉత్సాహం పట్టలేక టార్చి వేశాను. "మేష్టారూ, దీపం ఆర్పండి!" అన్నాడు గొంతు నొక్కిపెట్టి. అప్పటికే ఆలస్యమైంది. అది ఒక్క క్షణం ఆగి, మెల్లగా చుట్టు తిరిగి, వచ్చిన దారినే సముద్రంలోకి వెళ్ళిపోయింది. ఇసుక మీద అర్ధచంద్రాకారంలో ఒక జాడ మిగిలింది. ఆయన ఇంకేమీ అనలేదు. బీడీ తీసి, వెలిగించబోయి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

గంటన్నర తరువాత ఇంకొకటి వచ్చింది. ఈసారి నేను రాయినయ్యాను. పొడి ఇసుక చేరాక అది వెనక కాళ్ళతో గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది. ఒక కాలితో దోసెడు ఇసుక తీసి పక్కన పెట్టడం, తరువాత రెండో కాలితో అదే పని. తాను తవ్వుతున్నది తనకు కనబడదు. అయినా మూరెడు లోతున కుండలాంటి గొయ్యి, కిందికి వెళ్ళేకొద్దీ వెడల్పు. అందులో నూరుకు పైచిలుకు గుడ్లు. పింగ్‌పాంగ్ బంతులంత, కానీ మెత్తనివి. అన్నీ అయ్యాక ఇసుక కప్పి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో దిమ్మిస కొట్టినట్టు కొట్టింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఏడుపు అనుకుంటారు చూసినవాళ్ళు. ఒంట్లోని అదనపు ఉప్పును అది అలా బయటికి పంపుతుంది. మడ ఆకు చేసే పనే.

తెల్లవారే లోపు ఆ గుడ్లను తీసి, కంచె కట్టిన చోట అంతే లోతు గోతిలో పెడతారు. లేకపోతే కుక్కలు, నక్కలు తవ్వేస్తాయి. పక్కన ఒక పుల్ల, పుల్లకు అట్టముక్క, దాని మీద తేదీ, గుడ్ల లెక్క. ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. వెచ్చటి ఇసుకలో ఆడపిల్లలు, చల్లటి ఇసుకలో మగపిల్లలు. ఎండలు ముదిరితే ఆ లెక్క తారుమారయ్యే ప్రమాదం ఉంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఉగాది వేళ, పొద్దు పొడవక ముందే, వాటిని ఇసుక మీద వదులుతారు. చూడడానికి బడిపిల్లలను రానిస్తారు. ప్రతి పిల్లవాడికీ వాటిని ఎత్తి నీళ్ళలో వేయాలని ఉంటుంది. వేయకూడదు. ఆ నాలుగు బారల ఇసుకా అది నడవాలి. పెద్దదయ్యాక పుట్టిన తీరాన్ని వెతుక్కుంటూ వచ్చే తాబేలుకు ఆ గుర్తు అక్కడే పడుతుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అవి వెలుతురున్న వైపు నడుస్తాయి. వెనక రోడ్డు మీద దీపాలుంటే సముద్రం వదిలి రోడ్డెక్కుతాయి.

తల్లులకు ముప్పు సముద్రంలోనే. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి. మర పడవ లాగే పెద్ద వలలో చిక్కి గంటల తరబడి నీటి అడుగున ఉండిపోతే మునిగి చస్తుంది. 2025 జనవరిలో కాకినాడ తీరానికి కొట్టుకొచ్చిన కళేబరాల గురించి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. వలలో ఒక ఇనుప చట్రం కుట్టిస్తే రొయ్యలు లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. దాంతో పాటు కొంత చేప కూడా పోతుందని పడవవాళ్ళ బాధ. డీజిలు ఖర్చు చూసిన తరువాత ఆ బాధను తేలిగ్గా తీసెయ్యలేను. కానీ సముద్రంలో పట్టిన మన రొయ్యలను అమెరికా కొనడం ఆపేయడానికి కారణం కూడా ఈ చట్రం లేకపోవడమే. లెక్క రెండు వైపులా చూడాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నియమం. తాబేళ్ళ రాక అప్పటికి చాలావరకు అయిపోతుంది. తాబేళ్ళ రాకకూ వేట నిషేధానికీ మధ్య ఉన్న ఎడమే అసలు చిక్కు.

బావురుపిల్లికి మాత్రం ఋతువు లేదు, రాత్రి ఉంది. ఊరి పిల్లికి రెండింతలు ఉంటుంది. చుక్కల ఒళ్ళు, నీళ్ళంటే భయం లేదు. ఒడ్డున కూర్చుని పంజాతో చేపను కొడుతుంది, అవసరమైతే దూకుతుంది. కోరంగికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు గాని దాన్ని నేను ఇంతవరకు చూడలేదు. పోయిన చలికాలంలో తెల్లవారుజామున పాటు వేళ పడవలో వెళుతుంటే సరంగు ఇంజను ఆపి, కాలువ గట్టు వైపు చెయ్యి చూపాడు. తడి బురద మీద నాలుగు వేళ్ళ గుర్తులు, నీటి దాకా వచ్చి, మళ్ళీ మడ వేళ్ళలోకి. అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. ఫోను తీసి, సర్దుకుని, పడవ ఊగడం ఆగేదాకా చూశాను. ఈలోగా పోటు మొదలైంది. మొదటి గుర్తులోకి నీళ్ళు వచ్చాయి, తరువాత రెండో దాంట్లోకి.