బాలానగర్ లేకపోతే జీనోమ్ వ్యాలీ ఎక్కడిది?

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక నాకు మైకు ఇచ్చారు, నిద్రొస్తే మొహమాటపడకండి.

విదేశీ కంపెనీ మన హైదరాబాద్‌లో ఆర్ అండ్ డీ, అంటే పరిశోధన సెంటర్ పెట్టిందనగానే అందరూ ఠక్కున చెప్పే కారణం, చవగ్గా భూమి ఇచ్చారు, జీతాలు తక్కువ అని. అబద్ధమనను. కాకపోతే భూమి, రాయితీ అనేవి ఆఖర్లో రెండు ఊళ్లు మిగిలినప్పుడు చూసే లెక్కలు. ఆ రెండిట్లో మన పేరు ఎలా ఎక్కిందో అది చూడాలి.

మందుల సంగతే తీసుకోండి. సోవియట్ సాయంతో బాలానగర్‌లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కంపెనీ పెట్టారు. అక్కడ పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి గారే 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. 1970 నాటి పేటెంట్ చట్టం మందు మీద హక్కు ఇచ్చేది కాదు, తయారుచేసే పద్ధతి మీదే ఇచ్చేది, దాంతో మన కెమిస్టులు అదే మందుని ఇంకో దారిలో చేయడమెలా అని బుర్రలు బద్దలుకొట్టుకుని, ఆ పనిలో చెయ్యి తిరిగినవాళ్లయ్యారు. విదేశీ కంపెనీలకు కావాల్సింది ఆ చెయ్యే, వాళ్లకి భయమూ ఆ చెయ్యంటేనే! కొత్త మాలిక్యూల్, అంటే కొత్త మందు రసాయనం ఇస్తే రేపు ఎవరు చేసి అమ్ముతారో అని. 2005 జనవరి నుంచి మందుకే పేటెంట్ వచ్చాక ఆ టెన్షన్ తగ్గింది. తార్నాక దారిలో ఐఐసీటీ, సీసీఎంబీ అని కెమిస్ట్రీకి, బయాలజీకి ప్రభుత్వ పరిశోధన సంస్థలు ఎప్పటినుంచో ఉన్నాయి, పీహెచ్‌డీ చేసినవాళ్లకి కొదవలేదు. ఇవాళ జీనోమ్ వ్యాలీ పేరుతో ల్యాబులున్న తుర్కపల్లి వైపు ఖాళీ భూములు మాత్రమే ఉండి ఇవేవీ లేకపోతే గోడౌన్లు వచ్చేవి, ల్యాబులు కాదు.

సాఫ్ట్‌వేర్ కథ మీకు తెలిసిందే. అమెరికా చిప్‌ల కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లో బెంగళూరు వెళ్లింది, శాటిలైట్ యాంటెన్నా సామాను ఎడ్లబండి మీద తీసుకెళ్లారు. మైక్రోసాఫ్ట్ 1998లో మన దగ్గరికొచ్చింది, సైబర్ టవర్స్ తెరిచిన ఏడాదే.

అయితే బోర్డు మీద ఆర్ అండ్ డీ అని రాసి ఉంటే లోపల అదే జరుగుతుందని అనుకోకండి. నేను చేసిన ఒక చోట మూడేళ్లు విదేశంలోని హెడ్డాఫీసువాళ్లు డిజైన్ చేసినదానికి బగ్గులు ఏరడమే పని, ఏం మార్చాలన్నా రాత్రి పదింటి కాల్‌లో అడగాలి. ఇంటర్వ్యూకి వెళ్తే జీతంతో పాటు ఇది కూడా అడగండి, ఇక్కడ ఒక ప్రాజెక్టు ఆపేయాలంటే సంతకం ఎవరిది, ఈ బిల్డింగ్‌లో కూర్చునేవాళ్లదా, అక్కడి హెడ్డాఫీసువాళ్లదా?