బిడ్డ బాగుంది కదా, ఇంకేం?

(కావలిలో ఆశా కార్యకర్తలతో మాట్లాడిన మాటలు)

మీ రిజిస్టర్లలో ‘టీకాకి రాలేదు’ అని రాసుకున్న తల్లులు ఉంటారు. పురుటి భయం మనసులోంచి పోని అలాంటి ఒకమ్మాయి గురించి చెబుతాను. పేరు అడగొద్దు.

2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే తెగిపోయింది, గుర్తుందా? అప్పుడే కోవూరు వైపు ఈ అమ్మాయికి నొప్పులొచ్చాయి. కళ్లెదుటే ఉన్న నెల్లూరుకి దారి లేదు. బండి వెనక్కి తిప్పి ఇటు ఒక ఆస్పత్రికి చేర్చారు. పురుడయ్యాక రక్తం ఆగలేదు. ఎలాగో ఇద్దరూ బతికారు.

నెలన్నరకి బిడ్డకి పెంటా, అంటే ఐదు జబ్బులు రాకుండా వేసే టీకా, వేయించాలి. ఆస్పత్రి గేటు దాకా వచ్చింది, ఆటో దిగలేదు. ఫినాయిల్ వాసన తగిలితే ఒళ్లంతా చెమటలు. రాత్రిళ్లు కన్ను మూస్తే మళ్లీ అదే మంచం, అదే రక్తం. బిడ్డ ఊపిరి తీస్తోందా లేదా అని తెల్లవార్లూ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. అత్తగారు ‘వయ్యారాలు’ అంది. సిగ్గు విడిచి చెబుతున్నా, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

వాళ్లమ్మ మాత్రం ‘పిల్ల దడుసుకుంది’ అని తాయత్తు కట్టించింది. మా అందరికన్నా ఆమే జబ్బుకి దగ్గరగా వచ్చింది. దడుపు అన్న మాట సరైనదే, తాయత్తు దగ్గర ఆగిపోవడమే తప్పు. డాక్టర్లు దీన్ని పీటీఎస్‌డీ అంటారు, అంటే ఘోరం జరిగిపోయాక కూడా ఆ భయం మనసుని వదలని జబ్బు. 1980లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలోకి ఎక్కినప్పుడు ఎక్కువమంది మనసులో ఉన్నది వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు. పురుటి మంచం ఎవరికీ గుర్తు రాలేదు. ఇప్పటి లెక్కల్లో 100 మంది బాలింతల్లో సుమారు 4గురికి ఇది ఉంటోంది. బిడ్డ పోయినవాళ్లలో, ప్రాణం మీదికి వచ్చినవాళ్లలో ఇంకా ఎక్కువ. చిన్నప్పుడో పెళ్లయ్యాకో ఒంటి మీద దౌర్జన్యం జరిగినవాళ్లకి, కడుపుతో ఉండగా లోపల పరీక్ష చేసినా పాత భయం లేచి కూర్చుంటుంది.

వరదే రానక్కర్లేదమ్మా. లేబర్ రూంలో తిట్లు చాలు. ‘అరవకు’ అని నేను కసిరినవాళ్లు ఎంతమందో. లేబర్ రూంలు బాగుచేయడానికి 2017లో వచ్చిన ప్రభుత్వ లక్ష్య కార్యక్రమం పురుడప్పుడు పక్కన తోడు మనిషిని ఉండనివ్వమంటోంది. అడగండి, గట్టిగా అడగండి.

ఆస్పత్రి పురుడైతే మీరు ఆరుసార్లు ఇంటికి వెళ్తారు. బిడ్డని తూస్తారు, తల్లికి జ్వరం ఉందా అని చూస్తారు. లక్షణాలు నెల దాటితేనే ఈ జబ్బు అంటారు కాబట్టి మీరు ఆఖరుసారి వెళ్లే 42వ రోజు మనకి ముఖ్యం. బాలింత దిగులుకీ దీనికీ తేడా ఉంది, రెండూ కలిసి కూడా వస్తాయి. దిగులులో దేని మీదా మనసు పోదు. ఇందులో జరిగిందే కళ్లముందు తిరుగుతుంది, గుర్తుచేసే చోటికి పోబుద్ధి కాదు. ‘పురుడు కలలోకి వస్తోందా తల్లీ?’ అని, అత్తగారు పక్కన లేనప్పుడు అడగండి. బిడ్డ బాగుంది కదా అనకండి. ఆ మాటతో నోరు మూసుకుపోతుంది.

మాటలతో చేసే చికిత్స ఉంది. పాలిస్తూ వాడదగిన మందులూ ఉన్నాయి, అది డాక్టరు చూసుకుంటారు. మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఆ బిడ్డకి పెంటా చివరికి అంగన్‌వాడీలో వేశాం. తల్లిని మానసిక వైద్యుడి దగ్గరికి పంపడానికి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఆలస్యం ఆమెది కాదు, నాది.