ఒక సున్నా, ఎనిమిది రూములు

అందరికీ వందనాలండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నన్ను మిషన్ ట్రిప్ గురించి, అంటే బయటి దేశపు విశ్వాసులు సేవ చేయడానికి మన ఊరొచ్చిన సంగతి, సాక్ష్యం చెప్పమన్నారు. సాక్ష్యాలు చెప్పేవాళ్లు నా తర్వాత చాలామంది ఉన్నారు, నేను మేం చేసిన తప్పులు చెబుతాను, ఎందుకంటే మీలో సగం మంది వచ్చే సంవత్సరం ఏదో ఒక టీముని పిలుస్తారని నాకు తెలుసు.

2024 జనవరిలో అమెరికాలోని ఒక తెలుగు క్రైస్తవ సంఘం నుంచి పద్నాలుగు మంది మా ఊరొచ్చారు. మాది పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య. పిల్లలకి నాలుగు రోజుల క్లాసులు, కంటి పరీక్షల క్యాంపు, రెండు రాత్రులు సభలు, ఇదీ ప్లాను. డేట్లు పెట్టింది నేనే. సంక్రాంతికైతే పిల్లలకి సెలవులు, హైదరాబాదులో ఉన్నవాళ్లంతా ఊళ్లోకి దిగుతారు, జనం బాగా ఉంటారు అనుకున్నాను. జనం వస్తారని లెక్కేశాను గానీ ఆ జనమంతా ఎక్కడ పడుకుంటారో లెక్కేయలేదు. ముప్ఫై ఏళ్లు లెక్కల మాస్టారిగా పనిచేసినవాణ్ణి మరి.

ముందు వీసాల సంగతి. పద్నాలుగు మందిలో ముగ్గురివి ఇండియా పాస్‌పోర్టులే, ఐదుగురికి ఓసీఐ కార్డులున్నాయి (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు), మిగతా ఆరుగురూ అమెరికన్లు. ఆ ఆరుగురికీ ఈ-వీసా, అంటే ఆన్‌లైన్‌లో తీసుకునే వీసా, కావాలి. అక్కడి పెద్ద ఒకాయన గూగుల్‌లో కొట్టి, మొదట కనిపించిన సైటు తెరిచి, ఆరుగురివీ తనే నింపేశాడు. చూడ్డానికి అచ్చం గవర్నమెంటు సైటే, డబ్బులు మాత్రం మూడింతలు. కట్టాడు. వీసాలు రాలేదు. అడ్రసు చివర డాట్ గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకుంటే చాలు, ఆ ఒక్క ముక్కా ఇక్కణ్ణుంచి మేమైనా ఫోన్లో చెప్పొచ్చు, చెప్పలేదు. ప్రయాణానికి వారం ఉందనగా అసలు సైటులో మళ్లీ అప్లై చేశారు. ఈసారి మూడు రోజుల్లో ఆరుగురికీ వచ్చేశాయి, మేం ఇక్కడ ప్రార్థన పెట్టి స్వీట్లు కూడా పంచేశాం.

ఆ ఆరింటిలో ఒకదాంట్లో పాస్‌పోర్టు నంబరులో సున్నా ఉండాల్సిన చోట ఇంగ్లీషు ఓ అక్షరం పడింది. ఎవరూ చూడలేదు. చూసినా కళ్లకి ఆనేది కాదు, నేను తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను, ఓ కాస్త బొద్దుగా ఉంటుంది, అంతే. ఎయిర్‌పోర్టు కౌంటరులో అమ్మాయికి మాత్రం వెంటనే దొరికింది. నంబరు కలవకపోతే ఆ వీసా ఆయనది కానట్టే. దిద్దడానికి వీల్లేదు, మళ్లీ కొత్తగా పెట్టుకోవాలి. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, జన్మంతా జనాల అడ్రసులు సరిచూసినవాడు, ఆయన్ని అక్కడే వదిలేసి మిగతా పదమూడు మందీ విమానం ఎక్కారు.

రెండోది, ఇది కాస్త ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. ఈ-టూరిస్ట్ వీసాలో ఊళ్లు చూడొచ్చు, బంధుమిత్రుల్ని కలవొచ్చు, జీతం లేకుండా నెల లోపు స్వచ్ఛంద సేవ చేయొచ్చు. స్టేజీ ఎక్కి వాక్యం చెప్పడం అందులో లేదు. దానికి మిషనరీ వీసా అని వేరే ఉంది. మన తెలుగువాళ్లే కదా, ఓసీఐ ఉంది కదా అంటారు, 2021 మార్చిలో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మత ప్రచారానికి ఓసీఐవాళ్లు కూడా ప్రత్యేకంగా పర్మిషన్ తీసుకోవాలి. మేమేం చేశామంటే మెయిన్ రోడ్డు మీద పన్నెండడుగుల ఫ్లెక్సీ కట్టాం, దాని మీద ఆరుగురి ఫొటోలు, కింద "దైవ వర్తమానికులు" అని. యేసు ప్రభువు బొమ్మ కంటే ఆ టీములో ఉన్న డాక్టరు గారి మొహమే పెద్దది. ఎస్సై గారు బండి ఆపి, చాలా మర్యాదగానే, "మాస్టారూ, వీళ్లది ఏం వీసా?" అన్నారు. నా నోట మాట రాలేదు. సాయంత్రానికి ఫ్లెక్సీ దింపేశాం. సభల్లో మా చర్చి అయ్యగారే వాక్యం చెప్పారు, టీమువాళ్లు కింద చాపల మీద కూర్చుని విన్నారు. ఆ డాక్టరు గారూ ఇక్కడ రోగిని చూడాలంటే, ఉచిత క్యాంపే అయినా సరే, నేషనల్ మెడికల్ కమిషన్ అనుమతి ఉండాలట. పాలకొల్లు డాక్టర్లే చూశారు, ఆయన మూడు రోజులూ ముసలాళ్లకి కుర్చీలు వేశాడు.

కొందరు ఇప్పుడు నన్ను "ఎవరు చూస్తారు మాస్టారూ, అందరూ టూరిస్టు అనే రాస్తారు" అంటున్నారు. రాయనివ్వండి. నేను రాయమని చెప్పను. 1812లో కలకత్తాలో దిగిన జడ్సన్ దంపతుల్ని ఈస్టిండియా కంపెనీ వెళ్లిపొమ్మంది, వాళ్లు చివరికి బర్మాలో తేలారు. అడ్డంకులు కొత్తవేం కాదు. కానీ వాళ్లు ఓడ దిగి మేం టూరిస్టులం అనలేదు.

ఇక బస. సంక్రాంతికి భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల లాడ్జీ రూము అంటే మీకు చెప్పక్కర్లేదు, పందేలకొచ్చేవాళ్లు నెలల ముందే పట్టేస్తారు. నేను నవంబరులోనే ఎనిమిది రూములు మాట్లాడాను. ఫోన్లో. అడ్వాన్సు ఇస్తానంటే "మీ దగ్గర అడ్వాన్సేంటండి, వచ్చాక చూసుకుందాం" అన్నారు, నేను పొంగిపోయాను. పదమూడో తారీఖు, భోగికి ముందు రోజు, హైదరాబాదు నుంచి టెంపోలో బయల్దేరితే పంతంగి టోల్‌గేటు దగ్గరే పొద్దంతా పోయింది. లాడ్జీ ముందు దిగేసరికి రాత్రి పదకొండు. కౌంటరులో కుర్రాడు పుస్తకం తిరగేసి, "ఏ రూములండీ? అడ్వాన్సు లేదు కదండీ" అన్నాడు. మూడు రెట్లిచ్చిన పందెంరాయుళ్లు అప్పటికే పైన పడుకున్నారు. ఇంకో లాడ్జీలో నాలుగు దొరికాయి, అక్కడ ఇంకో పేచీ. "తెలుగువాళ్లకిస్తానండి, తెల్లవాళ్లకివ్వలేనండి, సీ ఫారం పెట్టాలి, మాకు ఆ లాగిన్ లేదు." విదేశీయులు దిగితే ఇరవై నాలుగు గంటల్లో ఆన్‌లైన్‌లో తెలియజేయాలి, దాన్నే అప్పట్లో సీ ఫారం అనేవారు. లాడ్జీకే కాదు, ఇంట్లో పెట్టుకున్నా అంతే. 2025 సెప్టెంబరు 1 నుంచి 1946 నాటి చట్టం పోయి కొత్త చట్టం వచ్చింది, కాబట్టి మీరు పిలిచేటప్పుడు కొత్త రూల్సు చూసుకోండి. తెలియజేసే బాధ్యత మాత్రం ఇప్పుడూ ఉంది.

తెలుగువాళ్లు లాడ్జీలో ఉండిపోయారు. అమెరికన్లు ఐదుగురిని అర్ధరాత్రి మూడిళ్లలో సర్దాం. మా మరియమ్మక్క ఉన్న ఒక్క గదీ ఇద్దరు అమెరికా అమ్మలకిచ్చేసి, "మేం ఎప్పుడూ అరుగు మీదే పడుకుంటాం, గాలి బాగుంటుంది" అంది. జనవరి మంచులో! తెల్లారగట్ట నాలుగింటికి వీధిలో భోగిమంట వేసి డప్పు కొడితే ఆ ఇద్దరూ ఇల్లు తగలబడుతోందనుకుని పాస్‌పోర్టులు పట్టుకుని, చెప్పుల్లేకుండా బయటికి పరిగెత్తారు. అక్క వాళ్లని మంట పక్కనే పీటల మీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

సీ ఫారాలు పెడదామంటే ఆ రోజు భోగి, పైగా ఆదివారం, నెట్ సెంటరు మూసి ఉంది. ఆ సెంటరు కుర్రాణ్ణి ఇంటికెళ్లి లేపుకొచ్చాం. మూడిళ్ల పేరు మీద మూడు రిజిస్ట్రేషన్లు, ఇంటి యజమాని ఆధార్, ఫొటో, వీళ్ల వీసా పేజీలు, అన్నీ ఎక్కించేసరికి మధ్యాహ్నం రెండు. అప్రూవల్ వచ్చేలోపు జిరాక్సులు స్టేషన్‌లో ఇచ్చి రమ్మన్నారు ఎస్సై గారు, ఇచ్చాం.

ఆ పోస్టాఫీసు పెద్దాయన కొత్త వీసాతో రాజమండ్రిలో దిగింది పదహారో తారీఖు, కనుమ. కనుమ నాడు కాకైనా కదలదంటారు, డ్రైవరెలా కదులుతాడు? పదకొండు మందికి ఫోన్ చేశాను, ఒక్కడూ వస్తాననలేదు. ఆఖరికి రొయ్యల చెరువులకి ఐసు తోలే వ్యానబ్బాయి ఒప్పుకున్నాడు. చీకటిపడ్డాక చర్చి ముందు ఆ వ్యాను ఆగింది, ఆయన ముందు సీట్లోంచి దిగాడు, ఒళ్లంతా చేపల వాసన. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో వీసా కాగితం. నాకు షేక్‌హ్యాండ్ ఇవ్వకముందే ఆ కాగితం తీసి, ఎర్ర పెన్నుతో చుట్టి ఉన్న సున్నా చూపించాడు.