తెల్లవారుజామున నాలుగు గంటలకి 19 మంది

శ్రోతలకు నమస్కారం.

ఈ రోజు బేస్‌బాల్ గురించి మాట్లాడదామనుకుంటున్నాను. రేడియో కట్టేయకండి. ఆ ఆట మనలో చాలామందికి తెలియదని నాకూ తెలుసు. క్రికెట్ తెలిస్తే చాలు, మిగతాది నేను చెబుతాను. తొమ్మిది ఇన్నింగులు ఉంటాయి. ఒక్కో ఇన్నింగులో రెండు జట్లూ వంతులవారీగా బ్యాటింగ్ చేస్తాయి. ముగ్గురు అవుటైతే ఆ వంతు అయిపోయినట్టే. మొత్తం మూడు గంటల్లో ముగిసిపోయే ఆట. తొమ్మిది ఇన్నింగుల తర్వాత పరుగులు సమానమైతే పదో ఇన్నింగు ఆడతారు, అప్పుడూ తేలకపోతే పదకొండోది. మన టెస్టు మ్యాచ్‌లా డ్రా అని చేతులు కలిపి వెళ్లిపోవడం ఉండదు. ఎవరో ఒకరు గెలిచేదాకా ఆడుతూనే ఉండాలి. ఈ ఒక్క నియమం గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీంతో పని పడుతుంది.

అమెరికాలో ఈశాన్యపు మూలన రోడ్ ఐలండ్ అనే చిన్న రాష్ట్రం ఉంది. విస్తీర్ణంలో ఆ దేశంలోకెల్లా చిన్నది. అందులో పాటకెట్ అనే ఊరు. జనాభా 75 వేలు. బోస్టన్ నుంచి కారులో గంట ప్రయాణం. బ్లాక్‌స్టోన్ నది ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో 1793లో శామ్యూల్ స్లేటర్ నూలు మిల్లు కట్టాడు. నీటి శక్తితో నూలు వడికే మిల్లులు అమెరికాలో నిలదొక్కుకున్నది ఇక్కణ్ణుంచే. ఇరవయ్యో శతాబ్దంలో ఆ మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిల్లులు పోయిన ఊరు ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ ఊరికి ఒక బేస్‌బాల్ జట్టు ఉండేది. పేరు పాటకెట్ రెడ్ సాక్స్. జనం ముద్దుగా పాసాక్స్ అనేవాళ్లు. ఇది మైనర్ లీగ్ జట్టు. అమెరికాలో పెద్ద జట్లన్నీ మేజర్ లీగ్‌లో ఆడతాయి. ఒక్కో పెద్ద జట్టు కింద మెట్లుమెట్లుగా చిన్న జట్లు ఉంటాయి. కుర్రాళ్లు కింది మెట్టులో మొదలుపెట్టి పైకి రావాలి. అన్నిటికన్నా పై మెట్టుని ట్రిపుల్-ఏ అంటారు. పాటకెట్‌ది ఆ మెట్టు, బోస్టన్ రెడ్ సాక్స్ కింద. ఇంకొక్క అడుగు వేస్తే బోస్టన్ మైదానం. కాకపోతే ఆటగాళ్ల జీతం బోస్టన్‌ది, ఎవరిని ఎప్పుడు పిలవాలన్న నిర్ణయమూ బోస్టన్‌దే. పాటకెట్‌ని ఎవరూ అడగరు. మన పొలాల్లో నారుమడి ఉంటుంది చూడండి, నారు పోసేది ఒకచోట, పంట కోసేది మరోచోట. పాటకెట్ ఆ నారుమడి.

వాళ్ల మైదానం పేరు మెకాయ్ స్టేడియం. 1942 నాటిది. టామస్ మెకాయ్ అనే మేయర్, చెరువూ బురదా ఉన్న చోట పట్టుబట్టి కట్టించాడు. డబ్బు నీళ్లలా ఖర్చవుతోందని అప్పట్లో ఊరు ఊరంతా తిట్టిపోసింది. కట్టడంలో ఒక చిత్రం ఉంది. ఆటగాళ్లు కూర్చునే డగౌట్ నేల మట్టంలో ఉంటుంది, ప్రేక్షకుల సీట్లు దానికి బాగా పైన. పిల్లలు చెయ్యి చాచినా ఆటగాళ్లు అందరు. మరి ఆటోగ్రాఫ్ ఎలా? ప్లాస్టిక్ పాల డబ్బా తెచ్చి, పక్కన కోసి, అందులో బంతీ పెన్నూ పెట్టి, తాడు కట్టి కిందికి దించేవాళ్లు. నూతిలోకి చేద వేసినట్టన్నమాట. కింద ఆటగాడు సంతకం పెట్టి తాడు లాగితే పైన పిల్లాడు చేదుకునేవాడు. ఆ ఊళ్లో దీన్ని చేపలు పట్టడం అనేవారట. నాకైతే చేద పోలికే బాగుంది.

ఆ డబ్బాల్లో పడ్డ సంతకాలు ఎవరివో చూడండి. కార్ల్‌టన్ ఫిస్క్ 1970లో, జట్టు ఇంకా ఒక మెట్టు కింద ఉన్నప్పుడు ఆడాడు. జిమ్ రైస్ 1974లో ఆ లీగ్‌లో బ్యాటింగ్ సగటు, హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి), తన దెబ్బలతో జట్టుకి తెచ్చిన పరుగులు, మూడిట్లోనూ మొదటివాడిగా నిలిచి బోస్టన్ వెళ్లిపోయాడు. ఆ తర్వాత రోజర్ క్లెమెన్స్, మో వాన్, నోమర్ గార్సియపర్రా, డస్టిన్ పెడ్రోయా, జాన్ లెస్టర్, మూకీ బెట్స్. ఈ పేర్లు మనకి కొత్తగా ఉండొచ్చు. అమెరికాలో పెరిగిన మీ మనవళ్లని అడిగి చూడండి, కళ్లు పెద్దవి చేస్తారు. అయితే సంతకం అడిగిన పిల్లాడికి ఆ రోజు ఇవేమీ తెలియవు. ఎవరో కుర్రాడు, బాగానే కొడుతున్నాడు, అంతే.

మధ్యలో ఈ జట్టు దాదాపు చచ్చిపోయింది. 1977లో దివాలా తీస్తే బెన్ మాండర్ అనే ఆయన కొన్నాడు. కెనడాలో ఫ్రెంచివాళ్ల ఇంట్లో పుట్టి, మిల్లుల వ్యాపారంలో సంపాదించి, అప్పటికే రిటైరైన మనిషి. మొదటి ఏడాది సీజన్ మొత్తానికి వచ్చిన జనం 70 వేలు. టికెట్ ధర తక్కువగా ఉంచి, స్టేడియం శుభ్రంగా ఉంచుకుంటూ, గేటు దగ్గర నిలబడి జనాన్ని పలకరిస్తూ నడిపాడు. 2005 నాటికి సీజన్‌కి వచ్చినవాళ్లు 6,88,421 మంది. మాండర్ 2010లో పోయాడు.

ఇప్పుడు అసలు రాత్రికి వద్దాం. 1981 ఏప్రిల్ 18, శనివారం. తెల్లవారితే ఈస్టర్. రోచెస్టర్ అనే ఊరి జట్టు వచ్చింది. అది బాల్టిమోర్ కింద ఉండే జట్టు. లైట్లు సతాయించడంతో మ్యాచ్ అరగంట ఆలస్యంగా మొదలైంది. ప్రేక్షకులు 1,740 మంది. ఎముకలు కొరికే చలి, ఎదురుగాలి. గాల్లోకి లేచిన బంతిని ఆ గాలి మళ్లీ మైదానంలోకే తోసేస్తోంది.

ఏడో ఇన్నింగులో రోచెస్టర్ ఒక పరుగు చేసింది. తొమ్మిదో ఇన్నింగులో, ఇక అయిపోయిందనుకుంటుండగా, పాటకెట్ ఒకటి చేసి సమం చేసింది. ఇక అక్కణ్ణుంచి చూడాలి. పదో ఇన్నింగు, పదిహేనో ఇన్నింగు, ఇరవయ్యో ఇన్నింగు, ఒక్క పరుగు లేదు. 21లో రోచెస్టర్ ఒకటి చేసింది. హమ్మయ్య, ఓడిపోయినా పరవాలేదు ఇంటికి పోవచ్చు అని పాటకెట్ వాళ్లు లోలోపల అనుకునే ఉంటారు. అప్పుడు 22 ఏళ్ల వేడ్ బాగ్స్ గట్టి దెబ్బ కొట్టి మళ్లీ సమం చేశాడు. సొంత జట్టువాళ్లు తనని కౌగిలించుకుంటారో కొడతారో తెలియలేదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

రాత్రి 12:50 దాటాక కొత్త ఇన్నింగు మొదలుపెట్టకూడదని ఆ లీగ్‌లో నియమం ఉండేది. తమాషా ఏమిటంటే, ఆ ఏడాది అంపైర్లకి ఇచ్చిన పుస్తకంలో ఆ వాక్యం లేదు. పుస్తకంలో లేదు కాబట్టి ఆపం అన్నారు అంపైర్లు. ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకి ఈ ధోరణి కొత్తేమీ కాదు. లీగ్ అధ్యక్షుడు హెరాల్డ్ కూపర్‌కి ఫోన్ చేస్తే దొరకలేదు. ఆటగాళ్లు విరిగిన బ్యాట్లు డ్రమ్ముల్లో వేసి మంట కాచుకున్నారు. పాటకెట్ మేనేజర్ జో మోర్గన్ అంపైర్లతో గొడవపడితే 22వ ఇన్నింగులో బయటికి పంపేశారు. ఆయన ఇంటికి పోలేదు. బ్యాటర్ వెనక గోడలో ఉన్న కంతలోంచి మిగతా ఆటంతా చూశాడు. ఈ మోర్గన్ గురించి ఒక ముక్క చెప్పాలి. చలికాలంలో ఆట ఉండదు కాబట్టి హైవే మీద మంచు తోసే బండి నడిపి బతికిన మనిషి ఆయన. ఏడేళ్ల తర్వాత, 1988లో, సీజన్ మధ్యలో బోస్టన్ పెద్ద జట్టుని ఆయన చేతిలో పెడితే వరసగా 12 మ్యాచ్‌లు గెలిపించాడు.

అన్నట్టు, ఆ రాత్రి రోచెస్టర్ రేడియో వ్యాఖ్యాతలు ఇద్దరు మొత్తం ఆట మాట్లాడారు. పరుగులు రాని ఆట గురించి రాత్రంతా మాట్లాడటం! మైకు ముందు పది నిమిషాలు కూర్చుంటేనే గొంతు తడారే నాలాంటివాడు వాళ్లకి దణ్ణం పెట్టాలి.

32వ ఇన్నింగు. రోచెస్టర్ ఆటగాడు ఒకడు ఆధిక్యం ఇచ్చే పరుగు కోసం ఉరికాడు. పాటకెట్ ఫీల్డర్ శామ్ బోయెన్ దూరం నుంచి విసిరిన బంతి అతనికన్నా ముందు చేరింది. అవుట్. ఈలోగా కూపర్ ఫోన్‌లో దొరికాడు, ఈ ఇన్నింగుతో ఆపేయమన్నాడు. అప్పటికి తెల్లవారుజామున 4 గంటల 7 నిమిషాలైంది. స్కోరు 2-2. స్టాండ్స్‌లో లెక్కపెడితే 19 మంది మిగిలారు. ఆ 19 మందికీ మాండర్ ఉచిత పాసులు ఇచ్చాడు. పాటకెట్ పిచర్ (మన బౌలర్ లాంటివాడు) లూయిస్ అపోంటే ఆ వేళ ఇంటికెళితే భార్య తలుపు దగ్గరే నిలదీసిందట, ఎక్కడున్నావని. స్టేడియంలో అంటే నమ్మలేదట. రేపటి పేపర్లో చూడు అన్నాడట. తీరా పేపర్ అచ్చయ్యే వేళకి ఆటే అయిపోలేదు, వార్త పడలేదు. బేస్‌బాల్ వాళ్లు ఈ కథ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

మిగిలిన ఆట జూన్ 23న పెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లో మేజర్ లీగ్ ఆటగాళ్లు సమ్మెలో ఉన్నారు. దేశంలో పెద్ద ఆట లేదు, రాయడానికి విలేకరులకి పని లేదు. అందరూ పాటకెట్ మీద వాలారు. జనం 5,746 మంది. ఏప్రిల్‌లో మొదటి బంతికి వచ్చినవాళ్లకి మూడింతలు. రాత్రంతా ఆడుకుందామని వస్తే 18 నిమిషాల్లో అయిపోయింది. 33వ ఇన్నింగులో బేసులన్నీ, అంటే పరుగు పూర్తయ్యేలోగా వరసగా దాటాల్సిన మూడు మజిలీలూ, పాటకెట్ ఆటగాళ్లతో నిండి ఉండగా డేవ్ కోజా అనే అతను కొట్టిన బంతికి మార్టీ బారెట్ పరుగెత్తుకొచ్చాడు. పాటకెట్ 3, రోచెస్టర్ 2. మొత్తం ఆట 8 గంటల 25 నిమిషాలు. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఇంతకన్నా పొడవైన ఆట లేదు.

ఆ రాత్రి రెండు జట్లకీ థర్డ్ బేస్ దగ్గర ఫీల్డింగ్‌కి నిలబడ్డవాళ్లని చూడండి. పాటకెట్‌కి బాగ్స్. ఆ సీజన్ లీగ్ మొత్తంలో అందరికన్నా మంచి సగటు అతనిదే. 1982లో బోస్టన్ వెళ్లి, మేజర్ లీగ్‌లో ఒక సగమైన అమెరికన్ లీగ్‌లో ఐదుసార్లు బ్యాటింగ్ టైటిల్ గెలిచి, 3,010 హిట్లు, అంటే క్షేమంగా బేసు చేర్చిన దెబ్బలు, కొట్టాడు. ప్రతి మ్యాచ్‌కి ముందు కోడికూర తినేవాడు, అదో నమ్మకం. రోచెస్టర్‌కి 20 ఏళ్ల కాల్ రిప్కెన్. ఆ రాత్రి 13 సార్లు బ్యాటింగ్‌కి వచ్చి రెండే హిట్లు కొట్టాడు. అదే ఏడాది ఆగస్టులో బాల్టిమోర్ పిలిచింది. 1982 నుంచి 1998 దాకా ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా వరసగా 2,632 మ్యాచ్‌లు ఆడాడు. ఇద్దరూ బేస్‌బాల్ మహామహుల పేర్లు ఎక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. ఎంత సేపైనా నిలబడటం ఆ కుర్రాడికి పాటకెట్ చలిలోనే అలవాటైందని నేనంటే ఒప్పుకోనక్కర్లేదు, కానీ అనాలనిపిస్తుంది.

పైకి వెళ్లేవాళ్లే కాదు, కిందికి దిగేవాళ్లూ ఆ ఊరి మీదుగానే పోయేవాళ్లు. మార్క్ ఫిడ్రిచ్ 1976లో డెట్రాయిట్ జట్టు పిచర్. బంతితో మాట్లాడేవాడు, మట్టిని మోకాళ్ల మీద కూర్చుని చేత్తో సర్దేవాడు, 19 మ్యాచ్‌లు గెలిచాడు. దేశమంతా వెర్రెత్తిపోయింది. తర్వాత చెయ్యి దెబ్బతింది. 1982లో పాటకెట్ చేరాడు, మళ్లీ నిలబడదామని. జులై 1న అతను బంతి వేస్తున్నాడని తెలిసి 9 వేల మందికి పైగా వచ్చారు, గెలిచాడు కూడా. ఆ చెయ్యి మాత్రం బాగుపడలేదు, మరుసటి ఏడాది ఆట మానేశాడు. బాగ్స్‌నీ క్లెమెన్స్‌నీ చూసినప్పుడు పాటకెట్ వాళ్లకి తాము ఎవర్ని చూస్తున్నారో తెలియదు. ఫిడ్రిచ్‌ని చూడటానికి మాత్రం తెలిసే వెళ్లారు.

చివరికి జట్టే ఊరు దాటింది. కొత్త స్టేడియం విషయం తెగక, మసాచుసెట్స్‌లోని వూస్టర్‌కి వెళ్లిపోతామని 2018లో యజమానులు ప్రకటించారు. 2020లో పాటకెట్ వీడ్కోలు చెప్పుకుందామనుకుంది. కోవిడ్ వచ్చి ఆ సీజన్ మొత్తం రద్దయింది. అలా 2019లో ఆడిన ఆటే ఆఖరిదైంది, ఆడుతున్నప్పుడు ఎవరికీ తెలియకుండా. మెకాయ్ స్టేడియాన్ని 2025లో కూల్చారు, అక్కడ హైస్కూలు కట్టడానికి.

డేవ్ కోజా గురించి చెప్పలేదు కదూ. ఆ ఆట ముగించినవాడు. వయోమింగ్ రాష్ట్రంలో పెరిగాడు, ఫస్ట్ బేస్ ఆడేవాడు, అప్పటికి 26 ఏళ్లు. బోస్టన్‌లో ఆ స్థానంలో టోనీ పెరెజ్ ఉండేవాడు. కోజా ఏళ్ల తరబడి పాటకెట్‌లోనే ఆడాడు. ఊరు అతన్ని ఎరుగును, అతను ఊరిని ఎరుగును. పైనుంచి పిలుపు రాలేదు. మేజర్ లీగ్ రికార్డుల్లో వెతికితే అతని పేరు కనబడదు. 33 ఇన్నింగుల ఆ స్కోరు కార్డులో మాత్రం ఉంది: కోజా, 14 సార్లు బ్యాటింగ్, 5 హిట్లు. ఆ పక్కనే బాగ్స్, 12 సార్లకి 4.

నమస్కారం.