పిక్కల పిట్ట, పిట్ట నాటిన చెట్టు

(సోంపేటలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, ఈ రోజు ఒక చెట్టునీ ఒక పిట్టనీ పక్కపక్కన పెట్టి చూద్దాం. చెట్టు వైట్‌బార్క్ పైన్, పిట్ట క్లార్క్స్ నట్‌క్రాకర్. రెండూ ఉత్తర అమెరికా పడమటి కొండలవి.

బారువ ఒడ్డున సరుగుడు తోటలు చూసి పైన్ అంటే ఇదే అనుకునేవాళ్లున్నారు. చూడ్డానికి సూదుల్లా ఉన్నా సరుగుడు పూలు పూసే జాతి. పైన్‌కి పువ్వూ లేదు, పండూ లేదు. పొలుసుల కాయలో పిక్కలుంటాయి, అంతే. ఇక ఆ పిట్ట మన కాకికి చుట్టం. గొంతు కర్కశం. అయినా శాస్త్రం దాన్ని, కాకినీ కూడా, పాటపిట్టల వర్గంలోనే చేర్చింది. 1805లో విలియం క్లార్క్ అనే యాత్రికుడు చూసి రాసుకున్నాడు కాబట్టి ఆ పేరు.

చాలా పైన్ జాతుల్లో కాయ ఎండి విచ్చుకుంటుంది, రెక్క ఉన్న గింజ గాలికి ఎగిరిపోతుంది. వైట్‌బార్క్ కాయ తనంతట తాను విచ్చుకోదు, పిక్కకు రెక్క లేదు. ఈ పిట్టే ముక్కుతో పొలుసులు చీల్చి, పిక్కలు తీసి, నాలుక కింది సంచిలో నింపుకుంటుంది. వంద దాకా పడతాయి. ఒక్కోసారి 20 కిలోమీటర్లు దాటి వెళ్లి, అంగుళం లోతున మూడో నాలుగో చొప్పున పాతిపెడుతుంది. ఒక్క పిట్ట ఒక ఏడు 30,000కు పైగా దాస్తుందని అంచనా. మంచు పడ్డాక రాళ్లూ దుంగలూ ఆనవాలు పట్టి తవ్వుకుంటుంది, పిల్లలకీ అవే పెడుతుంది.

మరిచిపోయిన పిక్కలే మొలుస్తాయంటారు. ఆ మాట నాకు నచ్చదు. నెలలు గడిచినా చోటు గుర్తుంచుకునే పిట్ట అది. ఏడాదికి సరిపడా పోసి, పైన ఇంకొంత పోసిన గాదెలాంటిదే దాని లెక్క. మిగిలినవి మొలుస్తాయి. ఆ చెట్లు చాలాచోట్ల ఒకే కుదురు నుంచి మూడు నాలుగు మానులుగా లేచేది అందుకే.

ఇద్దరూ సరిసమానం అనిపిస్తుంది కదా? కాదు. పిట్టకు వేరే పైన్ల పిక్కలున్నాయి, పురుగులున్నాయి. చెట్టుకు పిట్ట తప్ప దిక్కు లేదు. 20వ శతాబ్దం మొదట్లో బయటి నుంచి వచ్చిన తుప్పు తెగులు, బెరడు తొలిచే పురుగు, పెరుగుతున్న వేడి కలిసి కాపును దెబ్బతీశాయి. కాయలు బాగా తగ్గిన అడవికి పిట్ట రావడం తగ్గిస్తుంది. అప్పుడు నాటేవారెవరు? 2022లో అమెరికా ఆ చెట్టును ముప్పున్న జాతిగా ప్రకటించింది.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానం కొబ్బరి కూలినప్పుడు, మళ్లీ కాపు ఎప్పుడు చూస్తామన్న బెంగ మీ ఇళ్లలో మీరు విన్నదే. వైట్‌బార్క్ పైన్ నిండుగా కాయడానికి 60, 80 ఏళ్లు పడుతుంది.

అందుకే అక్కడి అటవీ సిబ్బంది తెగులును తట్టుకున్న చెట్లను వెతికి, వేసవిలో పైకెక్కి కాయలకు ఇనప వల తొడుగుతారు. నర్సరీకి ఆ పిక్కలు కావాలి. వల లేకపోతే, పండేలోపే పిట్ట పట్టుకుపోతుంది.