విండోస్ ఆన్ అవుతూ మధ్యలో ఆగిపోయిందా? రికవరీ స్క్రీన్‌లోని టూల్స్‌కి నా మార్కులు

అందరికీ నమస్కారం. పవర్ బటన్ నొక్కారు, లోగో వచ్చింది, చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. తిరుగుతూనే ఉన్నాయి. ఇలాంటప్పుడు విండోస్ మన ముందు ఒక నీలం స్క్రీన్ పెడుతుంది, దాని పేరు రికవరీ ఎన్విరాన్‌మెంట్. ఈరోజు రివ్యూ దాని గురించే. అందులో ఏ ఆప్షన్ పనికొస్తుంది, ఏది పేరుకే ఉంది, దేన్ని నొక్కేముందు ఆగాలి, అన్నీ చూద్దాం. విండోస్ 10, 11 రెండూ వాడేవాళ్లకి పనికొస్తుంది.

టూల్స్ దగ్గరికి పోయేముందు, అసలు మీ సిస్టమ్ ఎక్కడ ఆగిందో చూడండి. విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, విండోస్ లోడ్ అవుతున్నప్పుడు కూడా చాలా సిస్టమ్స్‌లో తయారీ కంపెనీ లోగోనే కనిపిస్తుంది. కాబట్టి లోగోని బట్టి ఏమీ తేలదు, చుక్కల్ని బట్టి తేలుతుంది. చుక్కలు అసలు రాలేదంటే పని ఇంకా విండోస్ చేతికి రాలేదని, విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డ్ ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్ దగ్గరే ఆగిందని అనుకోవచ్చు. అప్పుడు పెన్‌డ్రైవ్, ఎక్స్‌టర్నల్ డిస్క్, ప్రింటర్, ఏది తగిలించి ఉన్నా పీకేసి మళ్లీ ఆన్ చేయండి. అయినా కదలకపోతే ఆ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌లోకి, అంటే బయోస్‌లోకి వెళ్లి, మీ డిస్క్ పేరు అక్కడ కనిపిస్తోందా లేదా చూడండి. కనిపించకపోతే ఈ వీడియోలో చెప్పే టూల్స్ ఏవీ మీకు అక్కరకు రావు, సమస్య డిస్క్‌దో దాని కనెక్షన్‌దో.

చుక్కలు వచ్చి తిరుగుతూ ఉండిపోతే డ్రైవర్లు, సిస్టమ్ ఫైల్స్ లోడ్ అయ్యే చోట ఇరుక్కుంది. మన రివ్యూ ప్రధానంగా ఈ కేసుకే. స్క్రీన్ మీద అప్‌డేట్స్ జరుగుతున్నాయి, ఆఫ్ చేయొద్దు అని ఉంటే మాత్రం దయచేసి తొందరపడకండి. డిస్క్ లైట్ మినుకుమినుకుమంటున్నంతసేపు లోపల పని నడుస్తోందనే లెక్క.

ఇంకో చిన్న పరీక్ష. రీస్టార్ట్ చేస్తే బాగానే వస్తోంది, షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే మాత్రం ఆగిపోతోంది అంటారు కొందరు. అలాగైతే ముందు ఫాస్ట్ స్టార్టప్‌ని అనుమానించండి. షట్‌డౌన్ చేసినప్పుడు అది కెర్నల్‌ని, అంటే విండోస్ మూలభాగాన్ని, డ్రైవర్ల స్థితిని డిస్క్‌లో దాచి, తర్వాత అక్కడి నుంచే లేపుతుంది. రీస్టార్ట్‌లో ఆ దాచడం ఉండదు, అన్నీ కొత్తగా మొదలవుతాయి. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఆ టిక్కు తీసేసి చూడండి.

సరే, ఆ నీలం స్క్రీన్‌కి ఎలా వెళ్లాలి? ఎఫ్8 నొక్కమని పాత వీడియోల్లో చెబుతారు. విండోస్ 8 నుంచి అది మామూలుగా పనిచేయదు. చుక్కలు తిరుగుతుండగా పవర్ బటన్ పది సెకన్ల పాటు నొక్కి పట్టుకుని ఆఫ్ చేయండి. వరుసగా రెండుసార్లు బూట్ ఫెయిలైతే, ఆ తర్వాత విండోస్ తనంతట తానే రికవరీలోకి వెళ్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్, ఆ లోపల అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. డిస్క్‌లోని డేటాకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. చాలామంది దాన్ని తామెప్పుడూ ఆన్ చేయలేదంటారు, నిజమే, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో అదే ఆన్ అయిపోతుంది. ఫోన్‌లో ఆ అకౌంట్ తెరిస్తే కీ అక్కడే దొరుకుతుంది.

ఇక మార్కులు. స్టార్టప్ రిపేర్‌కి పదికి మూడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. బూట్ సెట్టింగ్స్ చెడిపోతే సరిచేస్తుంది, ఒప్పుకుంటాను. డ్రైవర్ వల్ల ఆగిన సిస్టమ్‌ని మాత్రం కాసేపు పరీక్షించి, నా వల్ల కాలేదు అని చేతులెత్తేస్తుంది. ఆ మూడు మార్కులైనా ఎందుకంటే, అది రాసే లాగ్ ఫైల్ కోసం. అది ఎక్కడుందో ఫెయిలైన స్క్రీన్ మీదే చూపిస్తుంది, ఒక్కోసారి ఏ ఫైల్ చెడిపోయిందో పేరుతో సహా అందులో ఉంటుంది.

అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌కి ఎనిమిది. నిన్నటిదాకా బాగున్న సిస్టమ్ అప్‌డేట్ పడిన మర్నాడు ఆగిపోతే, నేరుగా ఇక్కడికే రండి. లోపల రెండుంటాయి. క్వాలిటీ అప్‌డేట్ అంటే నెలనెలా వచ్చేది, ముందు దాన్ని తీయండి. ఫీచర్ అప్‌డేట్ అంటే పెద్ద వెర్షన్ మార్పు, దాన్ని వెనక్కి తిప్పడానికి మామూలుగా పది రోజులే గడువు. 2025 అక్టోబర్‌లో ఒక తమాషా జరిగింది. ఆ నెల విండోస్ 11 అప్‌డేట్ వేసుకున్నాక, ఈ రికవరీ స్క్రీన్‌లోనే యూఎస్‌బీ కీబోర్డ్, మౌస్ పనిచేయకుండా పోయాయి. తలుపు ఉంది, గడియ తీయడానికి చెయ్యి లేదు! కొద్దిరోజుల్లోనే మైక్రోసాఫ్ట్ దానికి విడిగా మరో అప్‌డేట్ ఇచ్చింది.

సేఫ్ మోడ్‌కి తొమ్మిది. స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కాలి, ఇంటర్నెట్ కావాలంటే 5. అవసరమైన డ్రైవర్లతో మాత్రమే లేస్తుంది. ఇందులో సిస్టమ్ చక్కగా లేచిందంటే విండోస్ పునాది బాగానే ఉంది, తప్పు మీరు తర్వాత వేసినదానిదే అని చాలావరకు తేలినట్టే. కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్‌ని వెనక్కి తిప్పండి, ఈమధ్య వేసిన యాంటీవైరస్ తీసేయండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక తప్పుడు ఫైల్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ సిస్టమ్స్ కుప్పకూలాయి. విమానాశ్రయాలు, బ్యాంకులు, ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి. దానికి అప్పుడు చెప్పిన మందు కూడా ఇదే, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైల్ డిలీట్ చేయడం. ఆ దెబ్బ తర్వాతే క్విక్ మెషీన్ రికవరీ అనే కొత్తది విండోస్ 11లోకి వచ్చింది. రికవరీలోంచే నెట్‌కి కనెక్ట్ అయి, మైక్రోసాఫ్ట్ దగ్గర పరిష్కారం ఉంటే తెచ్చుకుంటుంది. అందరికీ ఒకేసారి వచ్చే సమస్యలకి మంచిదే. మీ ఒక్కరి సిస్టమ్‌కే వచ్చిన తంటాకి దాని మీద ఆశ పెట్టుకోకండి.

సిస్టమ్ రిస్టోర్‌కి మార్కులు వేయను. రిస్టోర్ పాయింట్, అంటే సిస్టమ్ బాగున్నప్పుడు విండోస్ దాచుకున్న సెట్టింగ్స్ నకలు, ఉంటే బంగారం, లేకపోతే ఖాళీ పెట్టె.

కమాండ్ ప్రాంప్ట్‌కి ఏడు. ఇక్కడ చాలా వీడియోలు బూట్‌రెక్, ఫిక్స్‌ఎంబీఆర్ కొట్టమంటాయి. అది డిస్క్ మొదట్లో ఉండే ఎంబీఆర్ అనే బూట్ కోడ్‌ని సరిచేసేది, పాత బయోస్ పద్ధతిలో బూటయ్యే డిస్కులకి. యూఈఎఫ్‌ఐ అనే కొత్త రకం ఫర్మ్‌వేర్ ఉన్న ఇప్పటి సిస్టమ్స్ బూటవడానికి ఆ ఎంబీఆర్ కోడ్‌ని వాడవు, కాబట్టి కొట్టినా లాభం లేదు. నేను ఏడు వేసింది వేరే దానికి. నోట్‌ప్యాడ్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. అందులో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ఆల్ ఫైల్స్ ఎంచుకోండి. మీ ఫొటోలు, డాక్యుమెంట్లు అన్నీ కనిపిస్తాయి. రైట్ క్లిక్, కాపీ, పెన్‌డ్రైవ్‌లో పేస్ట్, అంతే. ఎంత కాపీ అయిందో చూపించే బార్ రాదు, కదలకుండా ఉండిపోయినట్టు అనిపిస్తుంది, ఓపిక పట్టండి. ఇంకోటి, ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారిపోవచ్చు, మీ సీ డ్రైవ్ డీ అని కనిపించినా కంగారు పడకండి.

రీసెట్ దిస్ పీసీ చివరికి. కీప్ మై ఫైల్స్ ఎంచుకున్నా మీరు వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి, సొంత ఫైల్స్ మాత్రమే మిగులుతాయి. నోట్‌ప్యాడ్ దారిలో కాపీ తీసుకోకుండా దీని జోలికి పోకండి. ఆరు మార్కులు.

రికవరీ స్క్రీనే రాకపోతే? ఇంకో కంప్యూటర్‌లో కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద విండోస్ ఇన్‌స్టాలర్ తయారు చేసి దాంతో బూట్ చేయండి, రిపేర్ యువర్ కంప్యూటర్ అనే ఆప్షన్ ద్వారా ఈ టూల్స్‌లో చాలావరకు అక్కడా దొరుకుతాయి. ఆ ఇన్‌స్టాలర్ కూడా మధ్యలోనే ఆగిపోతుంటే ఇక విండోస్‌ని తిట్టి లాభం లేదు. ర్యామ్ స్టిక్కులు రెండుంటే ఒకటి తీసి ఒకదానితో ఆన్ చేయండి, తర్వాత రెండోదానితో. అది డెస్క్‌టాప్ అయితే, రెండిటితోనూ ఆగుతుంటే, హార్డ్ డిస్క్ కేబుల్ పీకేసి పెన్‌డ్రైవ్‌తో మళ్లీ బూట్ చేయండి. ఇప్పుడు ఇన్‌స్టాలర్ మొదటి స్క్రీన్ దాకా ఆగకుండా వచ్చిందంటే, తప్పు ఆ డిస్క్‌దో దాని కేబుల్‌దో.